చిల్లర లెక్క

ముప్పై ఒకటో తారీకు. వేలూరు నుంచి ఆఖరి ట్రిప్పు.
పదకొండు మంది, రెండు మూటల కనకాంబరాలు,
ఒళ్లో కేకు డబ్బా పెట్టుకుని కునికే కుర్రాడు.
కాట్పాడి దాటేసరికి మిషన్‌లో కాగితం అంచున
ఎర్రగీత పడింది,
చుట్ట అయిపోవచ్చిందని గుర్తు.
ఆ ఎర్రగీత ముక్కలు నేను పారెయ్యను.
వాటి వెనకాలే ఉండాది నా సంవత్సరం,
బిస్కెట్ డబ్బాలో, రబ్బరు బ్యాండు వేసి.

ఫిబ్రవరి. మెసానికల్ గ్రౌండ్.
మా డిపోకూ మామిడిగుజ్జు ఫ్యాక్టరీకీ వాలీబాల్.
అయిదో సెట్టు, పదమూడు - పదిహేను.
అంతే రాసినాను. ఓడిపోయినామని రాయలేదు.
మూడు రోజులు గొంతు లేదు నాకు,
'రైట్' అనలేక బస్సు రేకును
చేత్తో చరిచి పంపించినాను.
మొగిలన్న అద్దంలో చూసి నవ్వినాడు:
"ఆడింది వాళ్లు, అరిగింది నువ్వు కదమ్మే!"

ఆయనకేం తెలుసు.
పదో తరగతి దాకా నేను లిఫ్టర్ని.
బంతి వేళ్ల మీద నిలిచే ఆ రెప్పపాటు,
పట్టుకోకూడదు, వదలకూడదు,
చిల్లర ఎంచేటప్పుడు ఇప్పటికీ
వేళ్లకు గుర్తొస్తుంది.

జూన్ ముక్క మీద తోతాపురి జిగురు మరక,
ఏం రాసుకున్నానో కనబడదు.
మంచి రోజే అయ్యుంటుంది.

ఆగస్టు: 'గుడిపాల పంచరు'.
అది రాగం పేరు.
ముహూర్తాల రోజుల్లో చెంగల్రాయులు ఎక్కుతాడు,
గుడ్డసంచిలో నాదస్వరానికి
కిటికీ పక్క సీటిచ్చి తాను నిలబడతాడు.
"దీనికి అర టికెట్ కొట్టమ్మా, పెద్దదయింది"
అంటాడు ప్రతిసారీ, అదే మొదటిసారి అన్నట్టు.
ఆ రాత్రి స్టెప్నీలో కూడా గాలి లేదు.
వానకు ముందటి ఉక్క. పసిపిల్లల ఏడుపు.
ఆయన మైలురాయి మీద కూర్చుని సంచి విప్పినాడు.
ఎంతసేపో తెలీదు.
డిపో నుంచి టైరొచ్చి, బిగించి, జాకీ దించినా
ఎక్కమని ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.
పేరడిగితే షణ్ముఖప్రియ అన్నాడు.
నేను రాసింది కొట్టెయ్యలేదు,
పక్కన చిన్నక్షరాలతో అదీ రాసుకున్నా.

నవంబరు, అమ్మాయిల ఫైనల్.
రెస్టురూంలో ఒక ఫోను, ఏడు తలలు.
చివరి వికెట్టుకు ముందు డేటా అయిపోయింది.
ఎవురూ మాట్లాడలేదు.
కట్టమంచి వైపు పటాకులు పేలితే
గెలిచినామని తెలిసింది.
రిటైరుకు నాలుగు నెలలుండే పొన్నెమ్మక్క
కాకీ కోటు విప్పి గిరగిరా తిప్పితే
గుండీ ఒకటి తెగి నా టీలో పడింది.
అది కూడా డబ్బాలోనే ఉండాది.

డిసెంబరు ముక్క ఖాళీ.
మద్రాసులో కచేరీల నెల.
ఒక్కటంటే ఒక్కటి, ఎదురుగా కూర్చుని వినాలని
అక్టోబరులోనే లీవు రాసిచ్చినా.
"ఏకాదశి స్పెషల్స్, తిరుపతికి మనుషులు చాలరు"
అన్నాడు మేనేజరు, తలెత్తకుండా.
తిరుపతికే పోయినా. నాలుగు రోజులు.
చెవుల నిండా గోవిందా,
సంచిలో మద్రాసు రైలు టికెట్టు.

చిల్లర లేనప్పుడు టికెట్ వెనక
ఇవ్వాల్సింది రాసి సున్నా చుడతాను,
దిగేటప్పుడు అడగండి అంటాను.
కొందరు మర్చిపోయి దిగిపోతారు.
ఈ సంవత్సరం నాకెంత బాకీయో
నేనూ సున్నా చుట్టి చూసినా:
రెండు పాయింట్లు, ఒక కచేరీ.
అడుగుదామంటే
కండక్టరెవరో తెలీదు.

నరహరిపేట చెక్‌పోస్టు దగ్గర పన్నెండయింది.
వెనకాల తమిళంలో ఎవరో కేకేసినారు,
ముందర తెలుగులో ఎవరో.
కేకు కుర్రాడు ఉలిక్కిపడి లేచి
"అక్కా, నాకు ఏడు రూపాయలు రావాల" అన్నాడు.
ఇచ్చినా.
పాత చుట్ట తీసి కొత్తది ఎక్కిస్తే
మిషన్ నాలుగు వేళ్ల కాగితం ఉత్తదే వదిలింది.
చింపి, పారెయ్యబోయి, మడిచి పెట్టుకున్నా.
"ఏమ్మే, రైటా?" అన్నాడు మొగిలన్న.
గొంతు బాగానే ఉండాది.
అయినా రేకు మీదే చరిచినా,
రెండుసార్లు.